మరియమ్మా? మారెమ్మా?

(అనంతపురంలో మహిళా సంఘాల కార్యకర్తల శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



మన జిల్లాలో ఏ మాదిగపల్లెకో మాలపల్లెకో వెళ్లి సంఘం పుస్తకంలో పేర్లు రాసుకుంటుంటే, “ఏ పేరు చెప్పల్లక్కా? చర్చి పేరా, కార్డు పేరా?” అని అడిగేవాళ్లు ఉంటారు. చర్చిలో మరియమ్మ, రేషన్ కార్డులో మారెమ్మ. ఇది నవ్వుకుని ఊరుకునే విషయం కాదు. ఆమె హక్కులు ఈ రెండు పేర్ల మధ్య చిక్కుకుని ఉన్నాయి.

కాస్త చరిత్ర చూద్దాం. 1795లో ఏర్పడిన లండన్ మిషనరీ సొసైటీ తన మొదటి బృందాన్ని పంపింది పసిఫిక్ సముద్రంలోని తాహితీ దీవికి. అదే సొసైటీ 1810లో బళ్లారికి, తర్వాత గుత్తికి వచ్చింది. తాహితీలో రాజు రెండవ పొమారే 1819లో బాప్తిస్మం తీసుకుని కొత్త చట్టాలు ప్రకటించాడు. అక్కడ చర్చికి రాజ్యం తోడైంది. మన దగ్గర ఊరి పెద్దలు మారలేదు. ఊరి బావి ముట్టనివ్వని వాళ్లే మారారు.

చర్చి వాళ్లకు ఏమిచ్చింది? అక్షరమిచ్చింది. బైబిలు స్త్రీలు ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ల దగ్గర కూర్చుని చదివి వినిపించారు. నలుగురిలో నిలబడి మాట్లాడే అలవాటు చాలామందికి ప్రార్థన కూటాల్లోనే వచ్చింది. దీన్ని మనం తక్కువ చేయకూడదు.

కానీ పితృస్వామ్యం చర్చి గుమ్మం దగ్గర ఆగిపోలేదు. 1869 నాటి విడాకుల చట్టం కింద భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటీ రుజువు చేస్తే చాలు. భార్య మాత్రం దానితోపాటు క్రూరత్వమో విడిచిపెట్టడమో కూడా రుజువు చేయాలి. ఈ అన్యాయం 2001లో గానీ పోలేదు. 2013లో నంద్యాల డయాసిస్‌కు ఇ. పుష్పలలిత బిషప్ అయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో ఆమే తొలి మహిళా బిషప్. సంతోషమే. అయితే పిడికెడు బియ్యం పోగుచేసే మన అక్కలు ఊరి చర్చి కమిటీలో ఎందరున్నారో లెక్క వేయండి.

ఇక రెండు పేర్ల సంగతి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో వాళ్లను బీసీ-సి కింద లెక్కిస్తారు. మతం మారినా పల్లె మారలేదు, ఊరు చూసే చూపూ మారలేదు. అయినా క్రైస్తవం స్వీకరించినవారికి అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని 2025లో హైకోర్టు తీర్పు చెప్పింది.

భర్త చనిపోయిన మరియమ్మను ఊహించండి. మిగిలింది రెండెకరాల వేరుశనగ చేను. 1925 నాటి వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకపోతే క్రైస్తవ వితంతువుకు మూడో వంతు, మిగతాది కొడుకులకూ కూతుళ్లకూ సమానం. హిందూ చట్టంలోనూ ఆమెకు వాటా ఉంది. ఏ దారిన చూసినా హక్కు ఉన్నదే. కానీ క్రైస్తవురాలినని కాగితం మీద రాస్తే పిల్లల ఎస్సీ సర్టిఫికెట్ పోతుందన్న భయం. రాయకపోతే చర్చిలో జరిగిన పెళ్లిని ఎలా చూపాలన్న భయం. అందుకే నోరు విప్పదు. ఆ మౌనమే మరుదులకు లాభం.

కనుక మనం చేయాల్సినవి: పెళ్లి చర్చిలో జరిగితే రిజిస్టరు నకలు భార్య చేతిలోనే ఉండేలా చూడాలి. పాస్టర్లతో కూర్చుని కూతుళ్ల వాటా గురించి సంఘంలో చెప్పించాలి. ఎస్సీ హోదాకు మతం షరతు తీసేయాలన్న కోర్కెను దళిత సంఘాలకే వదిలేయకుండా మహిళల కోర్కెగా మనమూ ఎత్తుకోవాలి. ఆమెను “రెండు పేర్ల మనిషి” అని మన మీటింగుల్లో ఎవరూ ఎగతాళి చేయకూడదు.

రెండో పేరు ఆమె మోసం కాదు. ఒక్క పేరుతో బతకనివ్వని చట్టం ఆమె చేత పెట్టించింది.