సణుగుడు పుట్టుపూర్వోత్తరాలు

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ పూట సణుగుడు గురించి మాట్లాడతానంటే మా ఇంట్లో "మీకంటే అర్హులెవరున్నారు" అన్నారు. మీరూ నవ్వుతున్నారు కనుక విషయం అందరికీ పరిచయమేనని భావిస్తాను.

గొణుగుడు వేరు, సణుగుడు వేరు. గొణిగేవాడు తనలో తాను అనుకుంటాడు. అందుకే గొణుక్కోవడం అంటాం. సణిగేవాడు ఎదుటివాడికి వినపడేటట్టు, కాని జవాబు చెప్పే వీలు లేనట్టు అంటాడు. ఇక నసిగేవాడికి మాటే పైకి రాదు. బ్రౌను దొర 1852 నాటి తన నిఘంటువులో గొణుగు, సణుగు రెండింటికీ చోటిచ్చాడు. తెలుగు బైబిలులో ఇశ్రాయేలీయులు ఎడారిలో నీళ్లకూ తిండికీ మోషే మీద చేసినది సణుగుడే. రైవాడ నీళ్లు విశాఖపట్నానికి పోతున్నాయని మన రైతులు చేస్తున్నదీ అదే. కాకపోతే వీరికి మోషే ఎవరో తెలియదు.

స్కాట్లండువారు దీనిని 'గర్న్' అంటారు. ఇంగ్లీషు 'గ్రిన్'లో రకారం అటుది ఇటు మారి ఏర్పడిన మాట. మొదట్లో గ్రిన్ అన్నా నవ్వు కాదు. నొప్పికో కోపానికో పళ్లు బయటపెట్టడం. అదే మాట ఒకచోట నవ్వయింది, ఒకచోట సణుగుడయింది.

మన ఆఫీసు మాటలు చూడండి. ఫిర్యాదు అంటే పారశీకంలో ఆర్తనాదం. అర్జీ అరబ్బీ నుంచి వచ్చింది; విన్నవించుకోవడమని అర్థం. 1966లో అధికార భాషా చట్టం వచ్చాక కూడా ఈ రెండూ కదలలేదు. ఇన్వార్డు నంబరు పడితే ఫిర్యాదు, పడకపోతే సణుగుడు. నా సర్వీసంతా అలాగే నడిచింది.

ఒక ముసలామె ఉండేది. కాలంచేసిన అటెండరు భార్య. కుటుంబ పెన్షను కోసం వచ్చి నా బల్ల పక్కన నిలబడి సణుగుతూ ఉండేది. "కాగితం మీద రాసివ్వమ్మా" అనేవాణ్ణి. ఆమెకు రాయడం రాదని నాకు తెలుసు. నాలుగో నెలలో ఒకరోజు కరెంటు పోయి ఫ్యాను చప్పుడు ఆగింది. అప్పుడు వినపడింది: "ఆ పుస్తకంలో ఉన్నది నా పేరు కాదు బాబూ. చచ్చిపోయిన మా అప్ప పేరు. అప్ప పోయాక నన్ను చేసుకున్నాడు."

సర్వీసు రిజిస్టరు తీశాను. భార్య పేరు మార్చమని అతను ఏనాడో ఇచ్చిన కాగితం అందులోనే మడిచి ఉంది. దానిమీద నా పొట్టి సంతకం ఉంది.

మంజూరు కావడానికి ఇంకో ఏడు నెలలు పట్టింది. ఆ ఉత్తర్వు కొంగున ముడివేసుకుని ఆమె ఏదో గొణుక్కుంటూ మెట్లు దిగిపోయింది. వెనకే వెళ్లాను గాని, ఆ మాట నాకు అందలేదు.

సెలవు.