సైడు స్టాండు కీలులో వదులు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నాకు ముందు మాటలాడిన పెద్దలు పుస్తకములను గురించియు, చదువును గురించియు చక్కగా సెలవిచ్చిరి. నేను ఎన్నుకొన్న విషయము మోటారు సైకిలునకు ఎడమ ప్రక్కనుండు సైడు స్టాండు. ఇంతటి సభలో ఒక ఇనుప కాలును గురించి ఉపన్యాసమా యని కొందరు నవ్వవచ్చును. ఈ గ్రంథాలయము పెట్టిన తొలి దినములలో ఆ వేపచెట్టు క్రింద నాలుగైదు సైకిళ్లు మాత్రమే ఉండెడివి. నేడు లోనికి వచ్చుచు లెక్కించితిని, 31 మోటారు సైకిళ్లున్నవి. రెండు మూడు తప్ప అన్నియు సైడు స్టాండుపైననే ఒరిగియున్నవి. వాని నడుమనే మన పిల్లలు ఆడుకొనుచున్నారు.

గత సంవత్సరము నా బండి, నిలిపినప్పుడెల్ల, వాడుకకంటె ఎక్కువగా ఎడమకు వాలజొచ్చెను. పట్నములో వెల్డింగు చేయు నొకతడు చూచి, “కాలు అరిగిపోయిందండీ, కింద ముక్క అతికిస్తే సరిపోతుంది” అనెను. అర అంగుళము దళసరి ఇనుప బిళ్ల అతికించెను. బండి నిటారుగా నిలిచెను. నేనును సంతోషించితిని. నాలుగు దినములకు మా తమ్ముని కుమారుడు పచ్చగడ్డి మోపు తెచ్చి వెనుక సీటుపై వేసెను. మోపు కొంచెము కుడికి జరిగినది. బండియు దానితోపాటు కుడికి ఒరిగి పడినది. ఆ ప్రక్కనే గోడవార మా మనుమరాలు కూర్చుండి బొమ్మలతో ఆడుకొనుచుండెను. హ్యాండిలు గోడకు తగిలి ఆగినందున పిల్లకు కాలివ్రేలు చిట్లుటతో పోయినది. బండి బరువు 110 కిలోలకు పైమాట. ఆ గోడ లేకున్నచో ఏమయ్యెడిదో తలచుటకే నాకు భయము.

ఆ రాత్రి బండిని డబల్ స్టాండుపై నిలిపి, సైడు స్టాండు దింపి, దాని అడుగు చేతబట్టి ఊపి చూచితిని. అది వదులు పంటివలె కదలినది. లోపము కాలి అడుగున లేదు, పైనున్న కీలులో ఉన్నది.

ఆ కీలు ఎట్లుండునో చెప్పెదను. ఫ్రేముకు ఒక ఇనుప చెవి అతికియుండును. స్టాండు పైకొన రెండు దవడలుగా చీలి ఆ చెవిని ఇరుప్రక్కల పట్టుకొనును. మూటికిని కలిపి ఒక బోల్టు దూరియుండును. మన ఎడ్లబండి చక్రము ఇరుసుపై తిరిగినట్లే స్టాండు ఆ బోల్టుపై తిరుగును. అయితే ఇరుసునకు మనము కందెన వేయుదుము. ఈ బోల్టునకు కొన్ననాటినుండి ఒక్క బొట్టు వేసినవారు మనలో ఎందరు? ముందు చక్రము చిమ్మిన బురదయంతయు అచటనే చేరును. రేగడి మట్టిలోని ఇసుక రేణువులు ఆకురాయివలె బోల్టును అరుగదీయును, రంధ్రమును కోలగా చేయును.

కీలులోని వదులు అడుగునకు వచ్చుసరికి ఎన్నో రెట్లగును. దవడల నడుమ పట్టు 20 మిల్లీమీటర్లు, కాలి పొడవు 250 మిల్లీమీటర్లు అనుకొందము. పైన ఒక్క మిల్లీమీటరు సందు ఏర్పడినచో క్రింద అడుగు సుమారు 12 మిల్లీమీటర్లు ప్రక్కకు జరుగును. బండి వాలును. వాలిన కొలది బరువు మరింతగా కాలిపై పడును, కీలు మరింతగా అరుగును. ఇక 45 కిలోల యూరియా బస్తాను స్టాండుపై నున్న బండిమీదనే ఎత్తుట, ఇద్దరెక్కి కూర్చుండి కబుర్లు చెప్పుకొనుట మనకు అలవాటే గదా. నేనును చేసినవాడనే.

వదులు కనబడగానే నట్టును బలముకొలది బిగించువారు కలరు. అదియు పొరపాటే. తిరుగుటకు వెండ్రుకవాసి సందు ఉండవలెను. మరీ బిగిసినచో స్ప్రింగు కాలిని పూర్తిగా పైకి లాగలేదు. సగము వ్రేలాడు కాలు ఎడమ మలుపులో రోడ్డుకు తగిలినచో మనిషిని విసరి పారవేయును.

మా ఊరి మెకానిక్కు ముందుగా ఆ బిళ్లను కోసివేసెను. బోల్టు విప్పి చూడగా నడుమ భాగము చెరకు కణుపువలె సన్నబడియుండెను. క్రొత్త బోల్టు వేసి, కోలబోయిన రంధ్రమునకు లేతు మిషనుపై బుష్షు చేయించి దిగగొట్టి, గ్రీజు పూసెను. ఖర్చు తక్కువే. ఫ్రేము చెవికే బీట కనబడినచో మాత్రము జాగు చేయరాదు. ఆ బండిని డబల్ స్టాండుపైననే నిలుపుచు, నేర్పరిచేత అతికించవలెను. స్ప్రింగు విప్పునప్పుడు ముఖము దూరముగా ఉంచుకొనుడు, అది చాల బలముతో ఎగురును.

ఇటీవలి బండ్లలో చాలవాటికి స్టాండు దింపియుండగా గేరు వేసినచో ఇంజను ఆగునట్లు కీలువద్ద ఒక స్విచ్చి ఉన్నది. కీలు ఆడినచో, స్టాండు ఎత్తియున్నను, ఒక్కొక్కప్పుడు ఆ స్విచ్చి పొరబడి నడిరోడ్డుపై ఇంజనును ఆపును. అప్పుడు కొందరు దాని తీగలను తెంపి కలిపివేయుదురు. నాకది ఎంతమాత్రము సమ్మతము కాదు. చెడినది కీలు, దానిని మాని కాపలావానిని ఊరినుండి తరిమినట్లగును.

వాలు నేలపై బండి ముందుభాగమును ఎగువకు పెట్టుడు. ఏలయన, బండి ముందుకు దొరలినచో స్టాండు మడచుకొనిపోవును. తడినేలయందు అడుగుక్రింద ఒక బల్లపరుపు రాయి ఉంచవలెను.

నా బండినుండి తీసిన ఆ పాత బోల్టు ఈ బల్లపై కాగితములో చుట్టియున్నది. క్రొత్తదానిని కూడ ప్రక్కన పెట్టితిని. సభ ముగిసిన పిమ్మట చూడగోరువారు రెండింటిని చేతబట్టి చూడవచ్చును. వేపచెట్టు క్రింది బండ్లలో ఎవరిదైనను ఊపి చూపుమన్నచో, చీకటి పడువరకు నేనిచటనే ఉందును.