కోడళ్లు ఎక్కడి నుంచి వచ్చారు? పరిశోధనలో ప్రశ్న అడగడం గురించి

(ఖరగ్‌పూర్‌లో తెలుగు పరిశోధక విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పరిశోధక విద్యార్థులు ఆలోచనా శక్తిని ఎలా పెంచుకోవాలో చెప్పమని నన్ను పిలిచారు. దాని మీద పుస్తకాలు చాలా ఉన్నాయి, వాటి జోలికి పోను. నా థీసిస్‌లో నేను చేసిన ఒక తప్పు చెప్తాను. ఆ తప్పు ఈ ఊళ్లోనే చేశాను, ఈ ఊళ్లోనే దొరికిపోయాను.

నా పరిశోధన ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల మీద. మన తాతలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు పల్లెల నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే పనికి ఇక్కడికి వచ్చారు. కొందరు వర్క్‌షాపులో, కొందరు లైను మీద, కొందరు కాలనీ వీధులూ మరుగుదొడ్లూ శుభ్రం చేసే పనిలో చేరారు. మా తాతది ఆ మూడో పని.

కాలనీలో పెద్దవాళ్లని కలిసి మాట్లాడాను. అందరూ ఒకే మాట చెప్పారు. ఊళ్లో ఉన్న బావి గొడవ ఇక్కడ లేదు. ఒకే కొళాయి, ఒకే షెడ్డు, క్యాంటీన్‌లో ఒకే బల్ల. నేను సంబరపడి "రైలు కులాన్ని కరిగించింది" అని ఒక అధ్యాయం రాశాను. గైడ్ బాగుందన్నారు. సెమినార్‌లో చప్పట్లు కొట్టారు.

ఆ అధ్యాయాన్ని మా వీధిలో ఒక ముసలమ్మకి తెలుగులో చదివి వినిపించాను. ఆవిడ బడి మొహం చూడలేదు. అంతా విని అంది: "అందరూ కలిసి తిన్నారని రాసినావు, బాగానే ఉంది. మరి కోడళ్లని ఎక్కడ్నుంచి తెచ్చుకున్నారో రాసినావేట్రా?"

రాయలేదు. అసలు అడగనే లేదు.

ఆ రాత్రి అంబేడ్కర్ 'భారతదేశంలో కులాలు' మళ్లీ తీశాను. 1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో చదివిన పత్రం అది. అప్పటికి ఆయనకి 25 ఏళ్లు, మనలాగే పరిశోధక విద్యార్థి. సెనార్ట్, నెస్‌ఫీల్డ్, రిజ్లీ, కేత్కర్ చెప్పిన నిర్వచనాలని ఒక్కొక్కటిగా ముందు పెట్టుకుని పరీక్షించాడు. ఇతర కులాలతో కలిసి తినకపోవడం కులం లక్షణం అన్నాడు నెస్‌ఫీల్డ్. అది కారణం కాదు, ఫలితం అన్నాడు అంబేడ్కర్. సొంత కులంలోనే పెళ్లి చేసుకోవడమే కులానికి మూలమని తేల్చాడు. అక్కడితో ఆగలేదు. ఒక గుంపు తనలో తానే పెళ్లిళ్లు చేసుకోవాలంటే ఆడా మగా లెక్క సరిపోవాలి. భర్త పోతే స్త్రీ మిగిలిపోతుంది, భార్య పోతే పురుషుడు మిగిలిపోతాడు. ఆ మిగులుని ఏం చేస్తారు? ఈ ఒక్క ప్రశ్న నుంచి సతి, బలవంతపు వైధవ్యం, బాల్య వివాహం ఎందుకు అవసరమయ్యాయో చూపించాడు.

నేను సరిగ్గా నెస్‌ఫీల్డ్ చేసిన తప్పే చేశాను. వందేళ్ల కిందటే దిద్దిన తప్పు అది. ఆ పత్రం నేను అప్పటికే చదివాను, నా థీసిస్ మొదటి పేజీల్లో దాని పేరు కూడా ఉంది. పేరు ఉంది గానీ ప్రశ్న లేదు. మనలో చాలామంది అంబేడ్కర్‌ని ఇలాగే వాడుతున్నాం.

మళ్లీ అవే ఇళ్లకి వెళ్లాను. ఈసారి ట్రంకు పెట్టెల్లోంచి పాత శుభలేఖలు తీయించాను. ఇంటిపేర్లు, ఊళ్ల పేర్లు రాసుకున్నాను. నేను చూసిన ఇళ్లలో దాదాపు ప్రతి సంబంధమూ సొంత కులంలోదే. రైల్వే పాస్ మీద సొంత ప్రాంతానికి వెళ్లి పిల్లని చూసుకుని వచ్చారు. రైలు కులాన్ని కరిగించలేదు, దానికి పాస్ ఇచ్చింది. ఇంకో సంగతి కూడా అప్పుడే కనబడింది. మా తాత చేసిన పనే ఆయన కొడుకుకీ వచ్చింది. అది నా ఇంట్లో ఉన్న ఆధారం. నేను దాన్నే వదిలేశాను.

ఎందుకు వదిలేశాను? మా తాత అవమానం ఆ స్టేషన్‌లో దిగగానే అయిపోయిందని నమ్మాలని నాకు ఉండింది. మనకి ఇష్టమైన ముగింపునే మనం అందరికంటే తక్కువగా పరీక్షిస్తాం.

అప్పటి నుంచి మూడు పనులు అలవాటు చేసుకున్నాను.

ఒకటి, ప్రతి అధ్యాయం మొదలుపెట్టే ముందు "ఇది తప్పైతే నాకు ఎక్కడ తెలుస్తుంది?" అని రాసుకుంటాను. జవాబు లేకపోతే అది ఇంకా పరిశోధన కాలేదు. 1916 పత్రం చివర్లో అంబేడ్కర్, తన సిద్ధాంతం నిలబడదని చూపిస్తే వదులుకోవడానికి సిద్ధం అన్నాడు.

రెండు, ఎదుటివాళ్ల వాదనని పూర్తిగా రాస్తాను. 1936లో 'కుల నిర్మూలన' వచ్చినప్పుడు గాంధీ 'హరిజన్' పత్రికలో విమర్శించారు. 1937 రెండో ముద్రణలో అంబేడ్కర్ ఆ విమర్శనీ అచ్చు వేసి, పక్కనే తన జవాబు పెట్టాడు. 1923లో వచ్చిన 'రూపాయి సమస్య'కి ముందుమాట రాసిన గురువు ఎడ్విన్ కానన్ కూడా, కొన్ని విషయాల్లో తాను ఏకీభవించనని అందులోనే చెప్పాడు. గైడ్ ఒప్పుకోకపోతే థీసిస్ చచ్చిపోదు.

మూడు, రాసినదాన్ని దాని గురించి తెలిసినవాళ్లకి వాళ్ల భాషలో చదివి వినిపిస్తాను. ఇంగ్లీషులో నా వాక్యం ఎంత గంభీరంగా ఉన్నా, తెలుగులో చెప్పలేకపోతే నాకే అర్థం కాలేదని లెక్క.

మిత్రులారా, క్యాంపస్‌లలో మనకి ఒక వాటా పంచి ఇస్తున్నారు. "మీకు అనుభవం ఉంది, చెప్పండి. సిద్ధాంతం మేం చూసుకుంటాం" అంటారు. ఆ పంపకాన్ని ఒప్పుకోకండి. అలాగని అనుభవం ఉంది కాబట్టి పరీక్ష అక్కర్లేదనీ అనుకోకండి. నాకు అనుభవం ఉంది, అయినా తప్పు రాశాను. ఆ ముసలమ్మకీ అనుభవం ఉంది, దానికి తోడు ప్రశ్న ఉంది. తేడా అదే.

ఆవిడ ప్రశ్న ఇప్పుడు నా థీసిస్‌లో మూడో అధ్యాయం పేరు. మీ థీసిస్‌లో ఎవరూ అడగని ప్రశ్న ఏమిటో ఇంటికి వెళ్లి మీ అమ్మనో, నాయనమ్మనో అడగండి.

జై భీమ్.