శాండింగ్ డిస్క్ బిగించే ముందు: వడ్రంగి మేస్త్రీలకు

(పీఎం విశ్వకర్మ అవగాహన సదస్సులో జిల్లా పౌర సంబంధాల అధికారి ప్రసంగ పాఠం)



పథకం సంగతి మీలో చాలామందికి తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెప్తాను. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మలో 18 చేతివృత్తులు ఉన్నాయి. వడ్రంగం అందులో ఒకటి. 18 ఏళ్లు నిండినవారు, కుటుంబంలో ఒక్కరే అర్హులు. ప్రాథమిక శిక్షణలో రోజుకు 500 రూపాయల స్టైపెండ్, పనిముట్లకు 15,000 రూపాయల వరకు ఈ-వోచర్ ఇస్తారు. ఆపైన పూచీకత్తు లేకుండా 5 శాతం వడ్డీకి తొలి విడత లక్ష రూపాయల దాకా రుణం వస్తుంది. దాన్ని 18 నెలల్లో తీర్చాలి. అంటే మిషన్ తెచ్చుకున్నాక మీ చేతులు ఒక్క నెల కూడా ఖాళీగా ఉండటానికి లేదు. అందుకే ఈరోజు దరఖాస్తు గురించి కాకుండా డిస్క్ గురించి మాట్లాడదామని వచ్చాను.

నేను జర్నలిజం చదివినవాణ్ణి, ఉలి పట్టడం కూడా రాదు. ఆ మధ్య ఒక శిక్షణ శిబిరానికి ఫోటోల కోసం వెళ్లాను. ఒక మేస్త్రీ గ్రైండర్‌కి డిస్క్ మారుస్తున్నారు. "ఒక్కసారి ఆన్ చేయండి, ఫోటో బాగా వస్తుంది" అన్నాను. ఆయన మొహమాటపడి ఆన్ చేశారు. నట్టు చేత్తో తిప్పారే గానీ పానాతో బిగించలేదు. డిస్క్ ఊడి గోడకు కొట్టుకుంది. మనుషులకేం కాలేదు. తప్పు నాదే. ఆ తర్వాత పనితెలిసిన మేస్త్రీలను అడిగి నేర్చుకున్నదే ఇప్పుడు చెప్తున్నాను.

మొదటి పని ప్లగ్గు పీకడం. స్విచ్ ఆపితే చాలదండీ. మిషన్ స్విచ్ ఆన్‌లోనే ఉండిపోయి, పక్కన పిల్లాడు ప్లగ్గు పెడితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. స్పిండిల్ లాక్ బటన్ కూడా డిస్క్ పూర్తిగా ఆగాకే నొక్కాలి.

గ్రైండర్ మీద వాడే డిస్క్‌కి వేగం చాలా ముఖ్యం. డిస్క్ వెనక ఆర్‌పీఎం అంకె ఉంటుంది. అది మిషన్ మీద రాసిన అంకెకు సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి. తక్కువ ఉంటే ఎంత చవగ్గా వచ్చినా వద్దు. 4 అంగుళాల గ్రైండర్‌కి గార్డు తీసేసి 5 అంగుళాల డిస్క్ పెట్టడం మన దగ్గర మామూలైపోయింది. దయచేసి మానండి. ఫైబర్ డిస్క్ అయితే వెనక సరిపడే రబ్బరు ప్యాడ్ ఉండాలి. అంచు చిరిగినా, చెమ్మకు వంకర పోయినా పక్కన పడేయండి. కొత్తది బిగించాక పక్కకు నిలబడి ఒక నిమిషం ఉత్తగా తిప్పి చూసి, అప్పుడు చెక్క మీద పెట్టండి.

ఆర్బిటల్ శాండర్‌ది తేలిక. దాని డిస్క్ వెల్‌క్రోతో అతుక్కుంటుంది. పాతది అంచు పట్టి లాగేసి, ప్యాడ్ మీద పొట్టు దులిపి, డిస్క్ చిల్లులు ప్యాడ్ చిల్లుల మీదికి వచ్చేలా అద్దితే సరి. చిల్లులు కలవకపోతే దుమ్ము బయటికి లాగదు, డిస్క్ త్వరగా పూడిపోతుంది. అరిగిన డిస్క్‌తోనే పని కానిద్దామని బలంగా నొక్కితే వేడికి ప్యాడ్ కొక్కేలు కరిగిపోతాయి. అప్పుడు కొత్త డిస్క్ కూడా నిలవదు. ఫెవికాల్ పెట్టి అంటించిన ప్యాడ్ కూడా చూశానండి, నవ్వాలో ఏడవాలో తెలియలేదు. డిస్క్ ఆదా చేయబోతే ప్యాడ్ పోయింది!

బల్లకు బిగించే డిస్క్ శాండర్‌కి జిగురు డిస్కులు వస్తాయి. పాతది హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తే ఊడుతుంది. మిగిలిన జిగురు తుడిచి, ప్లేటు బాగా ఆరాక, గాలి బుడగ లేకుండా మధ్య నుంచి అంచుకు నొక్కుతూ అంటించాలి. చెక్కను ఎప్పుడూ డిస్క్ కిందికి తిరిగే సగం మీదే పెట్టాలి. పైకి తిరిగే వైపు పెడితే చెక్క ఎగిరి మీదికొస్తుంది.

పాత తలుపులు రుద్దేటప్పుడు ముందు మేకులు పీకేయండి. మేకు తగిలితే డిస్క్ చిరుగుతుంది, నిప్పురవ్వ పొట్టు సంచిలో పడితే అంటుకుంటుంది. మాస్కు సంగతి రోజూ వింటున్నదే అనుకోవద్దు. చెక్క దుమ్మును క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చారు. తువ్వాలు ముక్కుకు కట్టుకుంటే సరిపోదు, పైగా దాని కొస మిషన్‌లో చిక్కుకుంటుంది.

బల్ల మీద రెండు మిషన్లు పెట్టాం. రెండింటి ప్లగ్గులూ పీకే ఉన్నాయి. ముందు వరుసలోంచి ఇద్దరు మేస్త్రీలు రండి, డిస్కులు మార్చి చూపించండి. ఈసారి ఫోటో ఆఖర్లో తీస్తాను.