యానాం పెట్టెలో రెండు ఫ్రాంకు నాణేలు

ఇవాళ మిస్సిసాగాలో మంచు బాగానే పడుతోంది. అందరూ ఇంట్లోనే ఉండి ఉంటారు కాబట్టి కాసేపు రెండు నాణేల సంగతి చెప్పుకుందాం.

మా అమ్మమ్మది యానాం. వాళ్ళ నాన్నగారు ఓడల్లో పనిచేసేవారట. యుద్ధం అయ్యాక మార్సేల్స్ రేవు నుంచి తెచ్చిన చిల్లరలో రెండు ఒక ఫ్రాంకు నాణేలు అమ్మమ్మ తమలపాకుల పెట్టెలో మిగిలాయి. యానాం ఫ్రెంచి వాళ్ళదే అయినా అక్కడ చెల్లింది రూపాయే, ఫ్రాంకు కాదు. అందుకే అవి ఖర్చు కాలేదు!

మొన్న మా అమ్మాయిని బళ్ళో ఇంటి నుంచి ఒక పాత వస్తువు తెచ్చి, దాని గురించి ఫ్రెంచిలో చెప్పమన్నారు. ఈ నాణేలు బయటికి తీశాం.

మొదటిది 1939 నాటిది, పసుపుపచ్చగా ఉంటుంది. బొమ్మ వైపు మెత్తటి టోపీ పెట్టుకున్న స్త్రీ తల. ఆవిడే మరియాన్, ఫ్రెంచి రిపబ్లిక్కుకి మనిషి రూపం. ఆ టోపీ బానిసత్వం నుంచి విడుదలకి గుర్తని 1789 విప్లవం నాటివాళ్ళు నెత్తిన పెట్టుకున్నారు. బొరుసు వైపు స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అని మూడు మాటలు.

రెండోది 1943 నాటిది. అల్యూమినియం, చేతిలో ఉన్నట్టే ఉండదు. మరియాన్ లేదు. రెండు గోధుమ వెన్నుల మధ్య రెండంచుల గొడ్డలి ఉంది. రిపబ్లిక్ అన్న మాట పోయి "ఫ్రెంచి రాజ్యం" అని వచ్చింది. వెనక పని, కుటుంబం, మాతృభూమి అని ఉంది. 1940లో జర్మనీ చేతిలో ఓడిపోయాక మార్షల్ పెతాఁ విషీ ఊళ్ళో పెట్టిన ప్రభుత్వం వేయించిన నాణెం ఇది. ఆ గొడ్డలి ఆయన చిహ్నం.

అదే 1940లో పాండిచ్చేరి గవర్నరు బొన్వాఁ డి గాల్ పక్షం చేరారు. అంటే యానాం కూడా విషీకి ఎదుటి పక్షమే అయింది.

మా అమ్మాయితో "అమ్మా, మరియాన్ ఉన్నది పట్టుకెళ్ళు, గొడ్డలిది వద్దులే" అన్నాను. తను ఊరుకోలేదు. "పని, కుటుంబం, మాతృభూమి మంచి మాటలే కదా నాన్నా? నువ్వు రోజూ చెప్పేవే కదా?" అంది.

నిజమే, మన ఇళ్ళల్లో పిల్లలకి చెప్పేవి అవే. నాకు వెంటనే జవాబు తోచలేదు. రాత్రి రెండు నాణేలూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆ మాటల్లో తప్పు లేదు, స్వేచ్ఛ, సమానత్వం చెరిపేసి వాటి చోట అవి రాశారు చూడు, అన్నాను. ఆ ప్రభుత్వమే యూదుల్ని పట్టి జర్మన్లకి అప్పగించిందని కూడా చెప్పాను. తను కాసేపు ఆలోచించి రెండూ సంచిలో వేసుకుంది.

ఇక్కడ మన జేబుల్లో 2023 చివర నుంచి రాణిగారి నాణేల పక్కన ఛార్లెస్ రాజుగారివీ చేరాయి. పిల్లలకి చూపించండి, ఎవరి బొమ్మ, ఎందుకు మారిందో అడగనివ్వండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే పాత పెట్టెలు తెరిపించి వాళ్ళనీ అడగండి. ఆ రెండు నాణేలూ ఒకే గుడ్డలో ఎందుకు మూటకట్టిందో నేను అమ్మమ్మని అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆవిడ లేదు.

సెలవు.