గ్రామపుటను మనమే తీర్చుకొనుట



ఒక గ్రామమునకు అంతర్జాలమునందు తనదైన పుట యొకటి యుండుట నేడు వింత కాదు. ఆ పుటలో దేనికే స్థాన మీయవలయునో నిర్ణయించువా రెవ్వరు అనునదే విచారింపదగిన విషయము. తఱచుగా జరుగునది యేమనగా, యంత్రభాష నెఱిగిన యువకు డొకడు వచ్చి పుటను నిర్మించి యిచ్చును. కొన్నినాళ్లకు వేఱొక పట్టణమునకు, వేఱొక యుద్యోగమునకు పోవును. పిదప సంతదినము మాఱినను, సర్పంచి మాఱినను, పుటలో నొక్క యక్షరము మార్చుటకు ఊరిలో నెవ్వరికిని చేతకాదు. పాతవార్తయే క్రొత్తవార్తవలె నిలిచియుండును. దానిని నమ్మి బండి కట్టుకొని వచ్చినవాడు వట్టిచేతులతో మరలిపోవును. ఈ పరాధీనతను తొలగించుకొనుటకు మనము యంత్రభాష నేర్వ నక్కఱలేదు. సిద్ధముగా నున్న భాగములను తెచ్చి తగినచోట నమర్చుకొను పద్ధతి యొకటి గలదు. దానిని గుఱించి నాలుగు మాటలు మనవి చేయుదును.

అంతర్జాలపుట వెనుక కోడు అను యంత్రభాషలో వ్రాసిన యాజ్ఞలుండును. ఈ యక్షరము పెద్దది, ఈ పటము కుడిప్రక్కను, ఈ గీత యెఱ్ఱనిది అని ప్రతిదానిని ఆ భాషలోనే చెప్పవలయును. ఒక పనికి కావలసిన యాజ్ఞల నన్నిటిని ముందుగనే వ్రాసి, మూటగట్టి, దానికొక పేరు పెట్టి యుంచినచో దానిని విడ్జెట్టు అందురు. ఇంగ్లీషువారు పేరు తోచని చిన్న పనిముట్టును ఈ మాటతో పిలుతురు. ఇల్లు కట్టుకొనువాడు వడ్రంగము నేర్చుకొనడు. ద్వారబంధమును వడ్రంగియే చేసి యిచ్చును. తాండూరు బండలు గనిలో కోయబడి చదరములై వచ్చును. కాని వాకిలి యే దిక్కున నుండవలయును, వంటయిల్లెచట నుండవలయును అనునది యింటి యజమాని చెప్పవలసిన మాట. పుటవిషయమునను అంతియే.

ఆలోచించి చూచినచో ఈ పద్ధతి పూర్వులకును తెలిసినదే. సుమారు 1450 ప్రాంతమున జర్మనీదేశమందలి మైన్జు నగరములో గూటెన్‌బర్గు అను నతడు లోహపు అక్షరములను విడివిడిగా పోతపోసి, వానిని కూర్చి పుటలను అచ్చొత్తెను. ఆ కాలమునుండి పత్రికను నడపువాడు అక్షరములను పోతపోయ నక్కఱలేకపోయెను. సీసపు అక్షరములు, గీతలు, అంచులు, పటముల దిమ్మలు సిద్ధముగా నుండెడివి. కంపోజిటరు వానిని చట్రములో బిగించెడివాడు. ఏ వార్త తలమీద నుండవలయునో సంపాదకుడు చెప్పెడివాడు.

1926వ సంవత్సరమున హైదరాబాదునందు గోలకొండ పత్రికను స్థాపించిన సురవరము ప్రతాపరెడ్డిగారు మన పాలమూరు సీమవారే. తెలంగాణమున కవులు లేరను మాటకు సమాధానముగా వారు 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. అందు 354 మంది కవుల రచనలు చేరినవి. ఆ కవులు పూర్వమునుండియు మన యూళ్లలోనే యుండిరి. వారిని లోకమునకు చూపు పుట నాటికి లభించెను. తన పుటను తాను వ్రాసికొనని సీమను గుఱించి యితరులు తమకు తోచినట్లు వ్రాయుదురు, లేదా ఏమియు లేదని తలంతురు. గ్రామపుట మన చేతిలో నుండవలయు ననుటకు ఇంతకంటె పెద్ద కారణము నాకు కనబడదు.

ఇక సాధనముల మాట. 2003వ సంవత్సరమున మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ అను నిరువురు వర్డ్‌ప్రెస్ అను సాధనమును వెలువరించిరి. దానిని ధర చెల్లింపకయే యెవ్వరైనను వాడుకొనవచ్చును. నేడు లోకమునందలి వెబ్‌సైట్లలో నూటికి నలువదికి పైగా దానిపైననే నడచుచున్నవి. 2007 మే నెలలో వచ్చిన 2.2 కూర్పునుండి విడ్జెట్లు దానిలో నంతర్భాగమైనవి. అంతకు పూర్వము ప్రక్కపట్టెలో చిన్న మార్పు కావలసినను కోడును తెఱచి దిద్దవలసి యుండెను. ఒక్క గుఱుతు తప్పినచో పుటయంతయు కనబడకుండ పోవు భయముండెను. 2014లో, విడ్జెట్ల మార్పును ముందుగా చూచుకొని పిదప ప్రకటించు వసతి కలిగెను. 2018 డిసెంబరులో వచ్చిన 5.0 కూర్పునందు ప్రతి పేరాను, ప్రతి పటమును ఒక్కొక్క దిమ్మగా నమర్చు పద్ధతి ప్రవేశించెను. ఆ పద్ధతికి నిర్మాతలు పెట్టిన పేరు గూటెన్‌బర్గు. 2021లో విడ్జెట్లును ఆ దిమ్మల పద్ధతిలోనికే వచ్చినవి.

పని జరుగు తీరు చెప్పెదను. మొదట పుటకు థీమ్ అను నొక చట్రమును ఎన్నుకొనవలయును. పుటకు ప్రక్కపట్టె యుండునా, అడుగున నెన్ని యఱలుండును అనునది ఆ చట్రమును బట్టి యుండును. చట్రమును నడుమ మార్చినచో భాగముల స్థానములు చెదరవచ్చును. కావున దానిని తొలుతనే నిర్ణయించుట మేలు. పిదప పాస్‌వర్డు నిచ్చి లోనికి ప్రవేశించి, రూపమునకు సంబంధించిన విభాగమును తెఱచినచో సిద్ధమైన భాగముల పట్టిక కనబడును. కావలసినదానిని ఎన్నుకొని, కావలసిన యఱలో చేర్చి, పైకి గాని క్రిందికి గాని జరుపవచ్చును. వలదనుకొన్న విడ్జెట్టును పాఱవేయకయే, దానిలోని వ్రాతతో సహా ప్రక్కనుంచుకొను చోటును గలదు. క్రొత్తరకపు చట్రములలో ప్రక్కపట్టె మాత్రమే కాక పుటయంతయు నిట్టి దిమ్మలతోనే కూర్పవచ్చును.

పేరును చూచి భాగమును ఎన్నుకొనరాదు. అది చేయు పనిని చూడవలయును. క్యాలెండరు అను విడ్జెట్టు గలదు. పండుగలను, తిథులను చూపునని తలచి దానిని పెట్టుకొందురు. అది చూపునది, ఏయే తేదులలో మన పుటలో క్రొత్త వ్రాతలు వెలువడినవో అది మాత్రమే. నెలకొక వార్త వ్రాయు గ్రామమునకు దానివలన ప్రయోజనము లేదు. ఇటీవలి వ్రాతలను చూపు విడ్జెట్టు అట్లు గాదు. క్రొత్త ప్రకటన వ్రాసిన వెంటనే దాని శీర్షిక తనంతట తానే పట్టికలో చేరును, పాతది జాఱిపోవును. ఒకచోట వ్రాసిన చాలును. వెదకు పెట్టెయు నిట్లే యుపకరించును. పుటలు నూఱైనప్పుడు దాని విలువ తెలియును.

మఱియొక సంగతి. మన యూళ్లలో ఈ పుటను చదువువారిలో పెక్కుమంది చేతిఫోనులోనే చదువుదురు. పెద్ద తెరమీద కుడిప్రక్కన చక్కగా నిలిచిన పట్టె, ఫోను ఇఱుకుతెరమీద తఱచుగా పుట యడుగునకు దిగిపోవును. కావున వానరాకను బట్టి వెంటనే తెలియవలసిన ప్రకటనను, గ్రామసభ తేదిని ప్రక్కపట్టెలో పెట్టరాదు. అవి పుట నడుమ, తలమీదనే యుండవలయును. ప్రక్కపట్టెకు తగినవి నిదానముగా చదువుకొనునవి. షాద్‌నగరమునకు చేరువనున్న బూర్గుల గ్రామమునే తీసికొందము. 1952లో హైదరాబాదు రాష్ట్రమునకు ముఖ్యమంత్రియైన బూర్గుల రామకృష్ణారావుగారి యింటిపేరు ఆ యూరి పేరే. ఇట్టి చరిత్ర యెన్నటికిని మాఱనిది. అడుగున నున్నను దాని గౌరవమునకు లోపము లేదు. నేడు మాఱునది పైన, మాఱనిది క్రింద అను నియమమును పాటించినచో పుట చక్కగా నమరును.

అక్షరములను అక్షరములుగనే వ్రాయవలయును. వ్రాతను ఫొటోతీసి పటముగా పెట్టరాదు. 1991లో ప్రకటింపబడిన యూనికోడు మొదటి కూర్పునందే తెలుగు లిపికి స్థానము లభించెను. ఆ పద్ధతిలో వ్రాసిన మాటను వెదకవచ్చును, దిద్దవచ్చును, చూపు తగ్గినవారికి యంత్రముచేత చదివించి వినిపింపవచ్చును. 2016 అక్టోబరు 11వ తేదిని షాద్‌నగరము మహబూబునగరు జిల్లానుండి రంగారెడ్డి జిల్లాలోనికి వచ్చెను. జిల్లాపేరును రంగురంగుల పటములో చెక్కించుకొన్న పుటకు ఆ పటమును మరల చేయించవలయును. అడుగుపట్టెలోని యొక విడ్జెట్టులో చిరునామాను వ్రాసికొన్న పుటకు ఒక్క మాట దిద్దిన చాలును. ప్రతిపుట యడుగునను అది తానే మాఱును.

సొంతపుటను పోషింపలేని చిన్న గ్రామములకు వేఱొక మార్గము గలదు. 2003 డిసెంబరులో ప్రారంభమైన తెలుగు వికీపీడియాయందు మన గ్రామములకు విడివిడిగా పుటలున్నవి. అందు జిల్లా, మండలము, జనాభా మొదలగువానిని నింపుటకు ముందుగా నేర్పఱచిన పెట్టె యుండును. దానికి వారు పెట్టిన పేరు మూస. కంచరి మూసలో లోహమును పోసినట్లు, మనము వివరములను పోసిన చాలును, ఆకారము తానే వచ్చును. అచట స్థానములను మనయిష్టము వచ్చినట్లు మార్చుట కుదరదు. కాని తప్పును దిద్దు నధికార మందఱికిని గలదు. వ్రాసినదానికి ఆధారమును చూపవలయును.

సులభమైన పనిలోనే అతి యెక్కువగును. గడియారము, చూచినవారి లెక్క, పరుగెత్తు నక్షరములు, సినిమాపాటలు అని భాగములను కుప్పవోసినచో పుట తెఱచుకొనుటకే చాలసేపు పట్టును. ఎవరు చేసినదో తెలియని విడ్జెట్టును చేర్చినచో, వచ్చువారి వివరములను అది మఱియెవరికో చేరవేయవచ్చును. లబ్ధిదారుల ఫోను సంఖ్యలను, ఆధారు సంఖ్యలను ఎన్నడును పుటలో పెట్టరాదు. పుట పేరునకును, స్థలమునకును ఏటేట రుసుముండును. గడువు మఱచినచో పుట మూతబడును. అన్నిటికంటె ముఖ్యము, పాస్‌వర్డు ఒక్కనిచేత నుండరాదు. గుడి హుండీ తాళములను కాపాడినట్లు, ఇరువురు నమ్మకస్థులచేత నుంచి, బాధ్యత మాఱినప్పుడు పాస్‌వర్డును కూడ మార్పవలయును.

మనుమడు వ్రేలితో జరుపనీయుడు. ఏది పైన, ఏది క్రింద అని పెద్దలు చెప్పుడు. ఒక కాగితముమీద ముందుగా గడులు గీసి, ఏ గడిలో నేమి యుండవలయునో వ్రాసికొని పిదప యంత్రమును తెఱచినచో, ఒక సాయంకాలములో పని ముగియును. పుట యడుగున, దిద్దిన తేదిని వేయుట మఱవకుడు. ఆ తేదిని చూచియే చదువువాడు మీ మాటను నమ్మును.