పంపడం వేరు, చేరడం వేరు
(మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను డి.ఏ. బకాయిల మీద మాట్లాడమన్నారు. దాని మీద మాట్లాడేవారికి మన సంఘంలో కొదవ లేదు. అందుచేత వారి అనుమతితో వేరే విషయం ఎత్తుకుంటున్నాను. మనకు రావలసిన ఈ-మెయిళ్ళు మనకు అందకుండా పోవడం గురించి నాలుగు మాటలు చెబుతాను. "ఈ వయసులో మనకెందుకండీ ఆ కంప్యూటర్ గొడవ" అని వెనక వరుసలో ఎవరో అన్నారు. ముందు ఒక సంగతి వినండి. విన్నాక కూడా అలాగే అనిపిస్తే నేను కూర్చుంటాను.

నాతో కలిసి పనిచేసిన మిత్రుడొకరు మన ఉద్దానంలో ఎంతోమందిని తీసుకుపోయిన కిడ్నీ జబ్బుతోనే కాలం చేశారు. ఆయన భార్యకు కుటుంబ పెన్షన్ రావాలి. కాగితాలన్నీ నేనే దగ్గరుండి పెట్టించాను. రెండు నెలలు గడిచాయి. "ఏటన్నయ్యా, ఇంకా ఏటీ రానేదు" అని ఆవిడ అడిగినప్పుడల్లా నాకు తల వంచుకోవలసి వచ్చేది. ఆమె అప్పటికే తోటలో జీడిపంటను పూత మీదనే ఒక వ్యాపారికి అయినకాడికి ఒప్పేసుకుంది. మందులకూ బియ్యానికీ డబ్బు కావాలి కదా!

నాకు కోపం వచ్చింది. సంబంధిత కార్యాలయానికి వెళ్ళి అక్కడున్న కుర్ర గుమాస్తాను నలుగురిలో కడిగేశాను. "37 ఏళ్ళు సర్వీసు చేసినవాణ్ణి, నాకు చెప్పకు" అన్నాను. ఆ అబ్బాయి ఎదురు మాట్లాడలేదు. కంప్యూటర్ తెర నా వైపు తిప్పాడు. "సర్టిఫికెట్లో పేరు, బ్యాంకు పుస్తకంలో పేరు వేరుగా ఉన్నాయి, సరిచేసి పంపగలరు" అని వాళ్ళు ఈ-మెయిల్ పంపినట్టు అందులో స్పష్టంగా ఉంది. పంపి 26 రోజులైంది. జవాబు కోసం వాళ్ళు, పెన్షన్ కోసం మేము, ఎవరి మానాన వాళ్ళం ఎదురుచూస్తున్నాం.

ఆ మెయిల్ చిరునామా కాశీబుగ్గలో ఒక నెట్ సెంటరు కుర్రవాడు తెరిచి ఇచ్చినది. పాస్‌వర్డ్ కూడా అతని దగ్గరే ఉంది! అక్కడికి పరుగెత్తాం. మామూలు మెయిళ్ళలో ఏమీ లేదు. అప్పుడతను తెర మూలనున్న మూడు గీతల మీద నొక్కి, కిందికి జరిపి, "స్పామ్" అనే పెట్టె తెరిచాడు. లాటరీ తగిలిందనే ఉత్తరానికీ, అప్పులిస్తామనే ఉత్తరానికీ మధ్యన మా ఉత్తరం కూర్చుని ఉంది. జీమెయిల్‌లో స్పామ్ పెట్టెలోకి వెళ్ళినది 30 రోజులకు దానంతటదే చెరిగిపోతుంది. మరి నాలుగు రోజులు ఆలస్యమైతే మాకు ఆ ఆనవాలు కూడా దొరికేది కాదు.

పేరు సరిచేయించాం, పెన్షన్ మంజూరైంది, బకాయిలూ వచ్చాయి. కానీ అయినకాడికి అమ్ముకున్న జీడిపంట మాత్రం తిరిగి రాలేదు.

మర్నాడు వెళ్ళి ఆ గుమాస్తాకు క్షమాపణ చెప్పుకున్నాను. ఎందుకంటే నేనూ డిస్పాచ్ సీటులో కూర్చున్నవాణ్ణే. రిజిస్టరులో నంబరు వేసి, స్టాంపుల లెక్క రాసి, ఉత్తరం పోస్టుకి వెళ్ళగానే నా పని అయిపోయిందనుకునేవాణ్ణి. చేరిందా అని ఎన్నడూ అడగలేదు. పంపడం వేరు, చేరడం వేరు అని ఉద్యోగంలో నేర్చుకోవలసింది రిటైరయ్యాక నేర్చుకున్నాను. అప్పట్లో ముఖ్యమైన ఉత్తరానికి రిజిస్టర్డ్ పోస్టు, దాని వెనక అక్నాలెడ్జిమెంటు కార్డు ఉండేవి. ఆ రిజిస్టర్డ్ పోస్టును కూడా 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఈ-మెయిల్‌కు మామూలుగా అలాంటి కార్డు రాదు.

ఇంతకీ మంచి ఉత్తరం ఆ చెత్తబుట్టలోకి ఎందుకు వెళుతుంది? అయాచిత ఉత్తరాల బెడద ఇవాళ్టిది కాదు. 1978 మే 3న అమెరికాలో ఒక కంప్యూటర్ కంపెనీ ఉద్యోగి తమ సరుకు ప్రచారం కోసం దాదాపు 400 మందికి ఒకే ఉత్తరం పంపాడు. మొదటి స్పామ్ అదేనని చెబుతారు. ఇప్పుడవి లెక్కకు మించి వస్తున్నాయి గనుక మెయిల్ కంపెనీలు గుమ్మం దగ్గర ఒక తనిఖీ పెట్టాయి. అక్కడ మనిషి ఉండడు, యంత్రమే చూస్తుంది.

ఆ తనిఖీ మన ట్రెజరీ పద్ధతిలాంటిదే. బిల్లు మీద డ్రాయింగ్ ఆఫీసరు సంతకాన్ని స్పెసిమెన్ సంతకంతో సరిచూసేవారు కదా. అలాగే ఈ కార్యాలయం పేరున ఉత్తరాలు పంపడానికి ఏ యంత్రాలకు అధికారం ఉందో ఒక జాబితా ఉంటుంది. దాన్ని ఎస్.పి.ఎఫ్. అంటారు. ఉత్తరం మీద చెరగని ముద్ర లాంటిది డి.కె.ఐ.ఎం. ఈ రెండూ సరిపోకపోతే ఉత్తరాన్ని ఏం చేయాలో చెప్పే స్టాండింగ్ ఆర్డరు డి.మార్క్. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ సంస్థలు ఈ నిబంధనలు గట్టిగా అమలు చేస్తున్నాయి. రోజుకు 5000కు మించి జీమెయిల్ ఖాతాలకు పంపేవారికి ఈ మూడూ ఉండాలి. సంతకం సరిపడని బిల్లు ఆగినట్టే, ఇవి సరిగా లేని ఉత్తరం ఎంత నిజమైనదైనా స్పామ్‌లో పడవచ్చు, వెనక్కి పోనూవచ్చు.

ఇక మన సంఘం అనుభవం చెబుతాను. వార్తాలేఖ పంపే బాధ్యత కొన్నాళ్ళు నా మీద పెట్టారు. నేను సభ్యులందరి చిరునామాలు ఒకేసారి ఎక్కించి, పైన "అర్జంటు!!! అతి ముఖ్యం!!!" అని శీర్షిక పెట్టి, బరువైన ఫోటోలు జతచేసి పంపాను. సగం తిరిగొచ్చాయి, కొన్ని స్పామ్‌లో పడ్డాయి. తిరిగొచ్చిన వాటిలో కారణం రాసి ఉంటుంది, మనమే చదవం. 4తో మొదలయ్యే మూడంకెల సంఖ్య ఉంటే తాత్కాలిక అడ్డంకి, తర్వాత మళ్ళీ ప్రయత్నించవచ్చు. 5తో మొదలైతే నిరాకరించారని అర్థం. అప్పుడు చిరునామా తప్పా, పెట్టె నిండిందా, స్పామ్ అని ఆపారా అన్నది పక్కనున్న వాక్యంలో ఉంటుంది.

కాలం చేసిన మిత్రుల చిరునామాలు కూడా నా జాబితాలో అలాగే ఉన్నాయి. లేని చిరునామాలకు పదేపదే పంపేవాణ్ణి యంత్రం అనుమానిస్తుంది. అంతకన్నా విచిత్రం, మన సభ్యులే కొందరు చదివేశాక చెరిపేయబోయి, పక్కనున్న స్పామ్ గుర్తు నొక్కారు. అంటే మన సంఘం మీద మనమే ఫిర్యాదు చేసుకున్నామన్నమాట! తర్వాత జాబితా శుభ్రం చేసి, చిన్న చిన్న జట్లుగా, మామూలు శీర్షికతో పంపితే చాలావరకు చేరాయి.

ఇప్పుడు మీరు చేయవలసినవి చెబుతాను, రాసుకోండి.

1. వారానికొకసారి స్పామ్ పెట్టె తెరవండి. ఏదైనా దరఖాస్తు పెట్టి ఉంటే రోజూ చూడండి.

2. అందులో మీకు కావలసిన ఉత్తరం కనిపిస్తే "స్పామ్ కాదు" అన్నచోట నొక్కండి. ఆ చిరునామాను కాంటాక్టులలో దాచుకోండి.

3. పెట్టెలో ఖాళీ ఉండాలి. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. మెయిళ్ళకూ, అక్కడ దాచుకున్న ఫోటోలకూ కలిపి అంతే. అది నిండితే కొత్త ఉత్తరాలు ఆగిపోతాయి.

4. పాస్‌వర్డ్ మీ దగ్గర, మీ ఇంట్లో నమ్మకమైన ఒకరి దగ్గర ఉండాలి. నెట్ సెంటరులో వదిలేయకండి.

5. దరఖాస్తులో ఫోన్ నంబరు కూడా రాయండి. 15 రోజులు దాటితే వెళ్ళి మర్యాదగా అడగండి. నాలాగా అరవకండి.

ఒక హెచ్చరిక. స్పామ్‌లో ఉన్నవన్నీ మంచివని నేననలేదు. అందులో ఎక్కువ భాగం మోసమే. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే పెన్షన్ ఆగిపోతుందని బెదిరించి లింకు నొక్కమంటారు, ఓటీపీ చెప్పమంటారు. పంపినవారి పేరు చూసి నమ్మకండి, చిరునామా చివర చూడండి. ప్రభుత్వ చిరునామాలు సాధారణంగా 'గవ్ డాట్ ఇన్' అనో 'ఎన్ఐసి డాట్ ఇన్' అనో ముగుస్తాయి. అలా ఉన్నా సరే, ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పవద్దు. అనుమానం వస్తే మీ కార్యాలయానికి ఫోన్ చేసి కనుక్కోండి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయండి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను కొట్టినప్పుడు మన తీరంలో కరెంటు, ఫోన్లు పోయి, మనిషి నడిచి వెళ్ళి చెబితే గానీ కబురు తెలియలేదు. ఇప్పటికీ మనకు చివరి ఆధారం మనిషే. అందుకని నా వంతుగా ఒక మాట ఇస్తున్నాను. ఇక మీదట మన ప్రతి సమావేశానికీ గంట ముందే వచ్చి కూర్చుంటాను. మీ ఫోన్లు తెచ్చుకోండి, కలిసి ఆ పెట్టె తెరిచి చూద్దాం. మన మిత్రుల భార్యలకు ఫోన్ వాడడం రాకపోతే వారిని కూడా వెంటబెట్టుకు రండి. ముందుగా రావలసింది వారే.